స్విట్జర్లాండ్‌లో ఊరి ఫుట్‌బాల్ క్లబ్: లీగు నంబర్ కన్నా ముందు చూడాల్సినవి

మా అబ్బాయికి ఏడేళ్లప్పుడు జ్యూరిక్‌లో వాడి కోసం క్లబ్ వెతకడం మొదలుపెట్టాను. మొదట చేసిన పని, ఏ క్లబ్ పెద్దల టీమ్ ఏ లీగులో ఆడుతోందో పట్టిక తెరిచి చూడటం. స్కూలుకైనా, కాలేజీకైనా ముందు ర్యాంకు చూసే అలవాటు మనది. తర్వాత ఒకసారి క్లబ్ మారాం. నేను కూడా ముప్పై దాటినవాళ్ల టీములో ఆడటం మొదలుపెట్టాను. ఇన్ని సీజన్ల తర్వాత నాకు గట్టిగా తెలిసిన విషయం ఒకటే. ఆ లీగు నంబర్ మన నిర్ణయానికి దాదాపుగా పనికిరాదు. వాన పడే మంగళవారం సాయంత్రం ఆ గ్రౌండ్ దగ్గరికి వెళ్లి అరగంట నిలబడితే తెలిసేది, ఏ పట్టికలోనూ దొరకదు.

ఇక్కడికి కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు నన్ను తరచూ అడుగుతుంటారు: పిల్లాడిని ఎక్కడ చేర్పించాలి, నేను ఎక్కడ ఆడాలి, వారాంతంలో ఏ మ్యాచ్‌కి వెళ్లాలి అని. ఈ మూడూ వేర్వేరు ప్రశ్నలు, జవాబులూ వేరే. ముందు నంబర్ల చిక్కు విప్పుకుందాం.

1 అంటే మొదటిది కాదు

స్విస్ ఫుట్‌బాల్‌లో ‘1. లీగా’ అనేది నాలుగో మెట్టు. పైన 12 జట్ల సూపర్ లీగ్, దాని కింద 10 జట్ల చాలెంజ్ లీగ్ ఉంటాయి. మూడోది 18 జట్ల ప్రమోషన్ లీగ్. ఇందులో పెద్ద క్లబ్బుల అండర్-21 జట్లు కూడా ఆడతాయి. ఆ తర్వాతే 1. లీగా. ఐదో మెట్టు 2. లీగా ఇంటర్‌రీజనల్. అక్కడి నుంచి కిందికి 2, 3, 4, 5 లీగాలన్నీ ప్రాంతీయ సంఘాలు నడుపుతాయి. అంటే మీ ఆఫీసులో ఎవరైనా ‘నేను 4. లీగాలో ఆడతాను’ అన్నారంటే, అది దేశం మొత్తం మీద ఎనిమిదో మెట్టు.

1895లో పుట్టిన స్విస్ ఫుట్‌బాల్ సంఘం కింద ఇలాంటి ప్రాంతీయ సంఘాలు 13 ఉన్నాయి. జ్యూరిక్‌కి ఒకటి, ఆర్గావ్‌కి ఒకటి, బెర్న్-జూరాకి ఒకటి, టిచీనోకి ఒకటి, ఇలా. తూర్పు స్విట్జర్లాండ్ సంఘంలో పక్క దేశం లీష్టెన్‌స్టైన్ క్లబ్బులు కూడా ఆడతాయి. ఆ దేశానికి సొంత లీగు లేదు. ఉన్న ఏడు క్లబ్బులూ స్విస్ లీగుల్లోనే ఆడతాయి. సాంక్ట్ గాలెన్ దగ్గర ఉండేవాళ్లకి 3. లీగా మ్యాచ్ కోసం సరిహద్దు దాటి వెళ్లడం మామూలు విషయం.

పట్టికలో ఒకటి మాత్రం తప్పకుండా చూడండి. ప్రాంతీయ లీగుల్లో ప్రతి జట్టు పాయింట్ల పక్కన బ్రాకెట్లో ఇంకో అంకె ఉంటుంది. అది శిక్ష పాయింట్లు, అంటే పసుపు, ఎరుపు కార్డుల లెక్క. రెండు జట్లకు పాయింట్లు సమానమైతే, ముందుగా చూసేది గోల్స్ తేడా కాదు, ఈ అంకె. తక్కువ కార్డులు తిన్న జట్టే పైన ఉంటుంది. ఒక క్లబ్ స్వభావం ఎలాంటిదో తెలియాలంటే నేను ఇప్పటికీ మొదట ఆ బ్రాకెట్‌నే చూస్తాను. మూడు నాలుగు సీజన్ల పట్టికలు వెనక్కి తిప్పి చూస్తే విషయం అర్థమైపోతుంది.

పిల్లల కోసం: సిటీలో పెద్ద క్లబ్బా, ఊళ్లో చిన్న క్లబ్బా?

ఎక్కువ మంది తికమక పడేది ఇక్కడే. కాస్త వివరంగా చెబుతాను.

పిల్లల జట్లకు అక్షరాల పేర్లు ఉంటాయి. చిన్నవాళ్లు జి, తర్వాత ఎఫ్, ఇ, డి, అలా పెరుగుతూ ఎ వరకు. అక్షరం వెనక్కి వచ్చేకొద్దీ వయసు పెరుగుతుంది. జి, ఎఫ్, ఇ స్థాయిల్లో పాయింట్ల పట్టిక ఉండదు. చిన్న గ్రౌండ్, చిన్న గోల్, తక్కువ మంది పిల్లలు. బంతి ప్రతి ఒక్కరి కాలికీ తగలాలన్నదే ఉద్దేశం. డి వయసుకి తొమ్మిది మందితో, సి నుంచి పదకొండు మందితో ఆడతారు. కాబట్టి పదేళ్ల లోపు పిల్లాడికి ‘మంచి లీగులో ఆడే క్లబ్’ అన్న మాటకి అర్థమే లేదు.

జ్యూరిక్ సిటీ క్లబ్బులకు గ్రౌండ్లు చాలావరకు నగరపాలక సంస్థవే. హోంగర్‌బెర్గ్‌లో ఎస్‌వీ హోంగ్, లెంగ్‌లో ఎఫ్‌సీ జేఫెల్డ్, హేరెన్‌ష్యూర్లీలో ఎఫ్‌సీ ష్వామెండింగెన్, ఇలా ప్రతి పేటకూ ఒక క్లబ్ ఉంది. ట్రామ్ దిగితే గ్రౌండ్. ఒకే వయసుకి మూడు నాలుగు జట్లు ఉంటాయి, పరికరాలు బాగుంటాయి. అసలు ఇబ్బంది చోటు. పిల్లలు ఎక్కువ, గ్రౌండ్లు తక్కువ కాబట్టి సిటీలో వెయిటింగ్ లిస్టు మామూలే. మీ పేట క్లబ్ ‘ఇప్పుడు ఖాళీ లేదు’ అంటే మీ పేరు చూసి వద్దన్నారని బాధపడకండి. పుట్టి పెరిగిన స్విస్ కుటుంబాలకు కూడా అదే జవాబు వస్తుంది.

ఊరి క్లబ్ వేరే ప్రపంచం. ట్రైన్లో ఇరవై నిమిషాలు బయటికి వెళ్తే, చర్చి వెనకో, స్కూలు పక్కనో ఒక పచ్చిక మైదానం, ఒక క్లబ్‌హౌస్. ఒక వయసుకి ఒకే జట్టు. బాగా ఆడేవాడూ, ఇప్పుడే మొదలుపెట్టినవాడూ కలిసే ఆడతారు. కోచ్ సాధారణంగా ఆ జట్టులో ఒక పిల్లాడి నాన్నో, అమ్మో. ఆట పాఠాలు కొంచెం అటూ ఇటూగా ఉండొచ్చు. కానీ మీ పిల్లాడి క్లాసులో ఉన్న నలుగురు అదే జట్టులో ఉంటారు. కొత్త దేశంలో, ఇంకా భాష రాని పిల్లాడికి దీనంత మేలు చేసేది నాకు ఇంకేదీ కనిపించలేదు.

మేం మొదట చేరిన క్లబ్ పేరున్నదే. ఒక్క సీజన్లో కోచ్‌లు ముగ్గురు మారారు. ఏడెనిమిదేళ్ల పిల్లల్నే బాగా ఆడేవాళ్లు, మామూలువాళ్లు అని రెండుగా విడదీశారు. మా వాడు రెండో గుంపులో పడ్డాడు. వసంతం వచ్చేసరికి గ్రౌండ్‌కి వెళ్లే రోజు కడుపునొప్పి అనేవాడు. అప్పుడు ఒక స్నేహితుడి మాట విని పక్క ఊరి క్లబ్‌కి తీసుకెళ్లాను.

ఆ మొదటి సాయంత్రం నాకు ఇంకా కళ్ల ముందే ఉంది. రోజంతా వాన. గేటుకి ‘రాజెన్ గెష్పెర్ట్’ అని బోర్డు వేలాడుతోంది, అంటే పచ్చిక మీదికి దిగకూడదని. అందుకే అందరూ పక్కనున్న కృత్రిమ మైదానంలోకి మారారు. దాన్ని నాలుగు ముక్కలు చేసి నాలుగు జట్లు ఆడుతున్నాయి. కోచ్ పగలు ఎలక్ట్రీషియన్. పని బట్టల మీదే ట్రాక్‌సూట్ కోటు వేసుకొచ్చాడు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి, ఆయన కళ్లలోకి చూసి, చెయ్యి కలిపి, పేరు చెప్పి లోపలికి వెళ్తున్నారు. ఇది ఇక్కడి పద్ధతి. వచ్చినప్పుడూ, వెళ్లేటప్పుడూ చెయ్యి కలపాలి. మా వాడి వంతు వచ్చేసరికి వాడు నా వెనక దాక్కున్నాడు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, తడిసిన చేత్తో వాడి షూ లేసు కట్టాడు. తర్వాత చెయ్యి చాచాడు. వాడు చెయ్యి కలిపాడు. ఆ రోజు లీగు నంబర్ సంగతి నాకు గుర్తు కూడా రాలేదు.

అలాగని సిటీ క్లబ్బులు చెడ్డవని కాదు. మంచి కోచ్ ఉన్న సిటీ జట్టు, పట్టించుకునే దిక్కులేని ఊరి జట్టు కన్నా వంద రెట్లు మేలు. చేరే ముందు ‘ష్నుప్పర్‌ట్రైనింగ్’ అడగండి. అంటే ఒకటి రెండు సార్లు ఊరికే వచ్చి ఆడి చూడటం. దాదాపు అన్ని క్లబ్బులూ ఒప్పుకుంటాయి. కోచ్‌కి ‘యూగెంట్ ఉంట్ ష్పోర్ట్’ కోర్సు అయిందా అని కూడా అడగండి. అది 1972 నుంచి నడుస్తున్న ప్రభుత్వ పథకం. 5 నుంచి 20 ఏళ్ల వాళ్లకి ఆట నేర్పేవాళ్లకి శిక్షణ ఇస్తుంది, క్లబ్బులకు డబ్బు సాయం చేస్తుంది. ఈ ప్రశ్న అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

‘చిన్న క్లబ్‌లో ఉంటే పైకి రాగలడా’ అని అడిగేవాళ్లకి ఒక మాట. స్విస్ జాతీయ జట్టుకి ఆడిన ముగ్గుర్నే చూడండి. మానువెల్ అకాంజీ మొదలుపెట్టింది వింటర్‌తూర్ పక్కనున్న వీజెన్‌డాంగెన్ ఊరి క్లబ్‌లో. జెర్దాన్ షాకిరీ మొదటి క్లబ్ బాసెల్ దగ్గరి ఆగ్‌స్ట్ అనే చిన్న ఊరిది. బ్రీల్ ఎంబోలో బాసెల్‌లోని నార్డ్‌స్టెర్న్‌లో, తర్వాత ఓల్డ్ బాయ్స్‌లో ఆడి ఎఫ్‌సీ బాసెల్‌కి వెళ్లాడు. నిజంగా ప్రతిభ ఉన్న పిల్లల్ని ఎంచుకోవడానికి సంఘానికి ‘ఫుటెకో’ అనే వేరే దారి ఉంది. పదకొండు పన్నెండేళ్ల వయసులో దాని ద్వారా పిలుపు వస్తుంది. ఆరేళ్ల వయసులో మీరు టెన్షన్ పడాల్సిన పని లేదు.

ఆడపిల్లల విషయం: 2025 జూలైలో మహిళల యూరో కప్ ఇక్కడే జరిగింది, ఫైనల్ బాసెల్‌లో. చిన్న వయసుల్లో ఆడపిల్లలు మగపిల్లల జట్లలో కలిసి ఆడొచ్చు. మీ అమ్మాయి అలా కాదంటే, పూర్తిగా ఆడపిల్లల జట్టున్న క్లబ్ కోసం కాస్త దూరమైనా వెళ్లండి. మామూలుగా నేను దగ్గర క్లబ్బే మంచిదంటాను. దానికి ఇదొక్కటే మినహాయింపు.

మీరే ఆడాలంటే

కాలేజీలో బాగా ఆడి, ఇంకా ఇరవైల్లో ఉండి, వారానికి రెండు సాయంత్రాలు ఇవ్వగలిగితే 5. లీగా, లేదా 4. లీగా. అక్కడ కూడా ట్రైనింగ్‌కి రాకపోతే ఆదివారం బెంచ్ మీద కూర్చోవాల్సిందే. సరదాకి ఆడతారనుకుని వెళ్లకండి. ఎదుటివాళ్లు గట్టిగానే తగులుతారు.

ముప్పై దాటిందా, ఇక ఆలోచించొద్దు. 30+, 40+, 50+ అని సీనియర్ విభాగాలు ఉన్నాయి. మ్యాచ్‌లు ఎక్కువగా వారం మధ్యలో సాయంత్రాలు ఉంటాయి కాబట్టి, శని ఆదివారాలు ఇంటికి మిగులుతాయి. పరుగు తక్కువ, మాట ఎక్కువ. జర్మన్ క్లాసులో ఏడాది కూర్చున్నా రాని స్విస్ జర్మన్, ఆట తర్వాత క్లబ్‌హౌస్ బల్ల దగ్గర వచ్చేస్తుంది.

ఫుట్‌బాల్ సంఘం బయట ఆడుకునే దారులూ ఉన్నాయి. జ్యూరిక్‌లో ‘ఆల్టర్నేటివ్ లీగా’ అని, పాస్‌పోర్టు ఫొటోల గొడవ లేకుండా స్నేహితుల జట్లు ఆడుకునే లీగు ఉంది. కొన్ని కంపెనీలకు సొంత జట్లున్నాయి. మీ షెడ్యూలు నెలకోలా మారేదైతే, పిల్లలు చిన్నవాళ్లైతే ఇదే నయం. క్లబ్‌లో చేరి, నెలలో మూడు వారాలు రాలేనని మెసేజ్ పెడుతూ ఉంటే, జట్టుకీ కష్టం, మీకూ కష్టం.

వలస వచ్చినవాళ్లు పెట్టుకున్న క్లబ్బులు ఇక్కడ చాలా ఉన్నాయి. జ్యూరిక్‌లో ఎఫ్‌సీ కొసోవా, మోలిన్‌లో క్రొయేషియన్లు పెట్టిన ఎన్‌కే పాయ్డే అలాంటివే. ఇటాలియన్లవి, పోర్చుగీసువాళ్లవి, టర్కిష్‌వాళ్లవి కూడా ఉన్నాయి. వాటిని చూసి మనమూ ఒకటి పెట్టుకుందామని తెలుగు మిత్రులు అంటుంటారు. స్విస్ చట్టం ప్రకారం సంఘం పెట్టడం చాలా తేలిక. నియమావళి రాసుకుని సమావేశం పెట్టుకుంటే చాలు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. అసలు కష్టం గ్రౌండ్ దొరకడం, రిఫరీలను ఇవ్వడం. ప్రతి క్లబ్ తన జట్ల సంఖ్యను బట్టి ఇంతమంది రిఫరీలను ఫుట్‌బాల్ సంఘానికి ఇవ్వాలి, లేకపోతే డబ్బు కట్టుకోవాలి. అందుకే నేను ఉన్న క్లబ్‌లో చేరమనే చెబుతాను. క్రికెట్ కోసం మనవాళ్లం ఎలాగూ కలుస్తాం. ఫుట్‌బాల్‌నైనా ఊరితో కలవడానికి వాడుకుందాం.

చూడటానికి వెళ్లాలంటే

ఇక్కడ మాత్రం లీగు నంబర్‌కి విలువ ఉంది. మంచి ఆట కావాలంటే ప్రమోషన్ లీగ్, 1. లీగా. టికెట్ తక్కువే, ఆటగాడి అరుపు చెవిన పడేంత దగ్గరగా నిలబడొచ్చు. 3. లీగా కిందికి వెళ్తే చాలా చోట్ల టికెట్టే ఉండదు.

బీల్ అనే ఊరి క్లబ్ కథ మీకు చెప్పి తీరాలి. 1947లో దేశ చాంపియన్ అయిన ఎఫ్‌సీ బీల్, 2016లో దివాలా తీసింది. ప్రాంతీయ 2. లీగా నుంచి, అంటే ఆరో మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టింది. 2025లో మూడో మెట్టు జట్టుగా ఉంటూనే చిన్నా పెద్దా జట్లు కలిసి ఆడే స్విస్ కప్‌లో సూపర్ లీగ్ జట్లైన లుగానోని, సెమీఫైనల్లో యంగ్ బాయ్స్‌ని ఓడించి ఫైనల్ చేరింది. బెర్న్‌లో జరిగిన ఆ ఫైనల్లో ఎఫ్‌సీ బాసెల్ చేతిలో 4-1తో ఓడిపోయింది. కానీ ఆ ఊరు ఆ రోజు తలెత్తుకునే తిరిగింది. కప్ తొలి రౌండ్లలో చిన్న జట్టుకే సొంత గ్రౌండ్‌లో ఆడే హక్కు ఉంటుంది. ఆగస్టులో మీ దగ్గరి చిన్న క్లబ్‌కి సూపర్ లీగ్ జట్టు వస్తోందని తెలిస్తే, పనులన్నీ పక్కన పెట్టి వెళ్లండి.

సాంక్ట్ గాలెన్ వైపు వెళ్తే ఎస్‌సీ బ్రూల్ చూడండి. 1915లో దేశ చాంపియన్. వాళ్ల స్టేడియం పేరు పౌల్ గ్రూనింగర్ స్టేడియం. ఆ చాంపియన్ జట్టులో ఆడిన గ్రూనింగర్, తర్వాత సాంక్ట్ గాలెన్ పోలీసు అధికారి అయ్యాడు. 1938లో సరిహద్దు మూసేశాక కూడా ఆస్ట్రియా నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన యూదుల్ని, కాగితాల మీద తేదీలు వెనక్కి వేసి లోపలికి రానిచ్చాడు. 1939లో ఉద్యోగం పోయింది. 1972లో పేదరికంలోనే చనిపోయాడు. కోర్టు ఆయన మీద మచ్చ తుడిచేసింది 1995లో. పరాయి దేశంలో ఒక ముద్ర మీద మన బతుకు ఆధారపడి ఉంటుందని తెలిసిన మనలాంటివాళ్లకి, ఆ గేటు మీద ఆ పేరు చదవడం మామూలు అనుభవం కాదు.

వాలే కాంటన్‌లో స్టాల్డెన్ పైన గ్స్‌పోన్ అని ఒక కొండ ఊరుంది. కేబుల్ కారులో వెళ్లాలి. సుమారు 2,000 మీటర్ల ఎత్తులో ఫుట్‌బాల్ గ్రౌండ్, దానికి పేరున్న ఫుట్‌బాల్ కోచ్ ఓట్మార్ హిట్స్‌ఫెల్డ్ పేరు పెట్టారు. చుట్టూ వల కట్టినా బంతులు లోయలోకి పోతూనే ఉంటాయి. ఆ జట్టు కొండ ఊళ్ల టోర్నమెంటులో ఆడుతుంది. మీ ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడు తీసుకెళ్లదగ్గ చోటు.

తినేదాని గురించి: గ్రౌండ్ పక్క బడ్డీలో దొరికే సెర్వెలా సాసేజ్‌లో గొడ్డుమాంసం, పందిమాంసం రెండూ ఉంటాయి. సాంక్ట్ గాలెన్ బ్రాట్‌వుర్స్ట్‌లో దూడమాంసం, పందిమాంసం. తిననివాళ్లు ఫ్రెంచ్ ఫ్రైస్ అడగండి. ఫ్రెంచ్ మాట్లాడే వైపు ఆ బడ్డీని ‘బువెట్’ అంటారు.

చేరే ముందు తెలుసుకోవాల్సినవి

ఫీజు ఏడాదికి కొన్ని వందల ఫ్రాంకులు. దాని గురించి పెద్దగా బేరీజు వేయొద్దు. క్లబ్బుల మధ్య అసలు తేడా వంతు పనిలో ఉంటుంది. బడ్డీలో నిలబడటం, జెర్సీలు ఉతకడం, పిల్లల్ని కార్లో బయటి మ్యాచ్‌లకి తీసుకెళ్లడం, వేసవిలో ‘గ్రూంపెల్‌టుర్నీర్’ అనే ఊరి సరదా టోర్నమెంటుకి టెంటు వేయడం. కొన్ని క్లబ్బులు ఏడాదికి ఇన్ని గంటలని లెక్క పెట్టి, చేయకపోతే డబ్బు తీసుకుంటాయి. సంతకం పెట్టే ముందే అడగండి. నేను మొదట డబ్బు కట్టేసి తప్పుకుందామనుకున్నాను. మా ఆవిడ వద్దంది. ఒక శనివారం నాలుగు గంటలు కాఫీ పోశాను. ఆ సాయంత్రానికి ఊళ్లో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు పాతిక మంది అయ్యారు.

దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ చూసుకోవాల్సింది మీరే, క్లబ్ కాదు. వారానికి 8 గంటలు, ఆపైన ఒకే యజమాని దగ్గర పనిచేసేవాళ్లకి ఆఫీసు ద్వారా వచ్చే ప్రమాద బీమా, ఆటలో తగిలిన దెబ్బలకి కూడా వర్తిస్తుంది. పిల్లలకి, ఉద్యోగం లేని భార్యకో భర్తకో హెల్త్ ఇన్సూరెన్స్‌లోనే ప్రమాద కవరు ఉందో లేదో చూసుకోండి.

ఇండియాలో ఏదైనా సంఘంలో రిజిస్టర్ అయి ఆడి ఉంటే, ఆ సంగతి ఫారం నింపేటప్పుడే చెప్పండి. అక్కడి నుంచి క్లియరెన్స్ రావాలి, కొన్ని వారాలు పట్టొచ్చు. మ్యాచ్ ఆడేశాక బయటపడితే జట్టు పాయింట్లు పోతాయి.

సీజన్ ఆగస్టు నుంచి జూన్ వరకు ఉంటుంది. నవంబర్ మధ్య నుంచి మార్చి దాకా మ్యాచ్‌లు ఉండవు, పిల్లలు హాలులో ఆడతారు. జట్లు కూర్చే పని మే, జూన్ నెలల్లో జరుగుతుంది. కాబట్టి క్లబ్‌కి ఉత్తరం రాయాల్సింది ఏప్రిల్లో. సెలవులన్నీ అయ్యాక ఆగస్టులో రాస్తే, మంచి క్లబ్బుల్లో చోటు అప్పటికే నిండిపోయి ఉంటుంది. ఉత్తరంలో పిల్లాడి పేరు, పుట్టిన సంవత్సరం, ఏ రోజులు రాగలడో రాయండి. మీరు ఏ శనివారం పనికి రాగలరో కూడా ఒక్క వాక్యం చేర్చండి.